మాచన వాకిటి యుపవాసము

చండభానుని కిరణజాలము నింగినుండి నిప్పులు చెరుగ మున్నేటి జలము సన్నని పాయయై యొకదరి కొదిగి తక్కినమేర నెల్ల సైకతస్థలము కన్నులు జిగేలుమనునట్లు మెఱయుచుండ పురస్త్రీలు కడవలు చంకనిడికొని యిసుకలో చెలమలు త్రవ్వి ఊరిన నీటిని కొబ్బరిచిప్పలతో తోడికొనుచుండ పశుగణము చింతతోపుల నీడల నెమరువేయుచు నిమీలితనేత్రమై పడియుండ వడగాలి వీథులవెంట దుమ్ము రేపుచు మూసిన తలుపులను తట్టి తట్టి పోవుచున్న గ్రీష్మమధ్యాహ్నమున వావిలిపాలెమను పట్టణమునందు మాచనయను వైద్యుని యింటి వాకిట నొక సన్న్యాసి తాటియాకుగొడుగు క్రింద కూర్చుండి యుపవసించుచుండెను. లోపల వైద్యుడును ఉపవసించుచుండెను. సన్న్యాసి దేవునికొఱకు అన్నము మానెను. వైద్యునికి దేవుడున్నాడన్న నమ్మకమే లేదు. ఇట్టి వింత యెట్లు సంభవించెనో వినుడు.

మాచన తాతముత్తాతలనాటినుండి వైద్యవృత్తిచే జీవించు కుటుంబమున జన్మించి నాడీపరీక్షయందును మూలికాపరిజ్ఞానమునందును ఆ ప్రాంతమున సాటిలేనివాడని పేరొందినవాడు. బాల్యమునుండియు అతనికి దైవమునందు విశ్వాసము కుదురలేదు. ఏ పుత్రశోకమో ఏ పరాభవమో అతని నట్లు చేసినదని చెప్పుటకు వీలులేదు. కొందఱికి వంకాయ సయింపనట్లు అతనికా మాట మనసున కెక్కలేదు, అంతియ. కనబడనిదానిని ఉన్నదని చెప్పడు. లేదని నలుగురిలో కూర్చుండి వాదింపడు. భార్యయైన కామసాని సంధ్యవేళ దీపముపెట్టి చేతులు జోడించుచుండగా ఆ దీపమునకు వలయు నూనెను తానే గానుగవాని యింటినుండి తెచ్చిపెట్టును. ఊరివారికిని అతనియందు కినుక లేదు. కడుపునొప్పితో మెలికలు తిరుగువాడు వైద్యుని భక్తిని తూచికొని కషాయము త్రాగునా?

ఊరివారు మాచనయందు మిక్కిలిగా మన్నించినది అతని మందు కాదు, మాట. రోగి నాడి పట్టి "బ్రదుకును" అన్నచో బంధువులు ఇంటికి పోయి కంటినిండ నిదురించెదరు. "బ్రదుకడు" అన్నచో ఏడ్చుకొనుచునే దూరపు చుట్టములకు కబురు పంపెదరు. తెలియనినాడు తెలియదనును. ఓదార్పుకొఱకైనను అతడు లేనిది పలికినట్లు ఎవ్వరును ఎఱుగరు.

ఇట్లుండ ఆ యేటి వసంతమున జ్యోతిర్నాథమఠమునుండి పీఠాధిపతియైన విమలబోధుడను యతి శిష్యసమేతుడై వచ్చి అంగడివీథి మంటపమున విడిసెను. అతడు విద్వాంసుడు, నియమవంతుడు, దయగలవాడు. ఉన్న లోపమెల్ల నొక్కటియే: తాను చవిచూచిన తేనెను ఎదుటివాడు నాకనొల్లననిన అతనికి నిద్రపట్టదు. ఊరిలో జ్యోతిర్నాథుని నామమే కాదు, ఏ నామమును పలుకనివా డొక్కడు కలడని విని అతడు మొదట మర్యాదగా వచ్చి మాచన యరుగుపై కూర్చుండి తత్త్వోపదేశము చేసెను. మాచన చల్లనిమజ్జిగ యిచ్చి కడదాక విని "మంచిమాటలు చెప్పితిరి. నాకు మాత్రము వలదు స్వామీ" అనెను. యతి మఱునాడును వచ్చెను, ఆ మఱునాడును వచ్చెను. పిమ్మట శిష్యులు వేకువజామున ఊరెల్ల విడిచి ఆ వాకిటనే భజన మొదలిడిరి. కషాయము కొనిపోవువారిని త్రోవలో నాపి నామములేని మందు మున్నేటినీటితో సమానమని బోధించిరి. మాచన మందుచే నయమైనవారిని మంటపమునకు కొనిపోయి ఇది స్వామివారి కటాక్షమని చాటిరి. మాచన కల్వములో మందు నూఱుచు నవ్వి ఊరకుండెను. కోపపడినను యతి సహించియుండును; ఆ నవ్వు మాత్రము అతనికి ముల్లై గ్రుచ్చుకొనెను.

ఒకనాడు మంటపము క్రిక్కిఱిసి యుండగా విమలబోధుడు దండము చేతబట్టి నిలిచి "మాచన నోట జ్యోతిర్నాథనామము వెలువడువఱకు అతని వాకిట కూర్చుండి నీరు తప్ప మఱియొకటి ముట్టను. నేను ఓడినయెడల ఈ దండమును మఠమున నొప్పగించి పీఠము విడిచెదను" అని శపథము చేసెను. సభవారు చేతులెత్తి జయజయధ్వానములు చేసిరి. కడుపు మాడ్చుకొనువాడు యతియే గాని సభవారు కాదుగదా.

ఆ సీమయందు వాకిట నతిథి పస్తుండగా గృహస్థుడు విస్తరిముందు కూర్చుండరాదన్న ఆచారమొకటి కలదు. మాచనకు ఆచారముతో పనిలేదు గనుక మొదటినాడు యథాప్రకారము భోజనమునకు కూర్చుండెను. కామసాని వడ్డించెను. కలిపిన ముద్ద చేతనుండగా వాకిటినుండి యతి దగ్గు వినవచ్చెను. మాచన కొంతతడవు ఆ ముద్దనే చూచుచు కూర్చుండి దానిని విస్తరిలో విడిచి లేచెను.

"ఏం, పాపమని భయం పుట్టిందా మీక్కూడా?" అని కామసాని యడిగెను.

"పాపమని కాదు. గొంతు దిగలేదు" అని అతడు చేయి కడిగికొనెను.

మగడు తినక ముందు తినుట యెఱుగని ఆ యిల్లాలికిని నాటినుండి పస్తులే యయ్యెను. అయినను ఆమె నోరు మాత్రము ఉపవసింపలేదు. వాకిటికి చెంబుతో నీరు కొనిపోయి యతిముందుంచి "స్వామీ, మీకు దేవుడున్నాడు, మా ఆయనకు పంతముంది. మధ్యలో నా పొయ్యి ఏం చేసిందని ఆర్పేశారు?" అని నిలదీసెను.

"తల్లీ, నీ భర్త తరించుటకే నా యీ ప్రయాస" అని యతి మెల్లగా పలికెను.

"తరిస్తే తరిస్తారు. ముందు తినాలిగా" అని ఆమె చెంబు తీసికొని లోనికి పోయెను.

దినములు గడచుకొలది యతి చెక్కిళ్లు లోనికి పోయెను, ఊరు కుతకుత ఉడుకజొచ్చెను. నిన్నటిదాక మాచన మందు త్రావినవారే అతడు రాతిగుండెవాడనిరి. అంతట పట్టణశ్రేష్ఠియైన పేరిశెట్టి, మాచనకు బాల్యమిత్రుడు, మనసు పట్టలేక వచ్చి తలుపు చేరవేసి కూర్చుండెను.

"మాచనా, ఆ స్వామికేమైనా అయితే నిన్నూ కామసానినీ ఈ ఊళ్లో ఉండనివ్వరు. నేనడ్డం పడినా ఆగరు. ఒక్కమాట అనెయ్యరాదా? నమ్మనివాడికి ఆ పేరైతేనేం, ఇంకో పేరైతేనేం? అబద్ధమాడావని శిక్షించేవాడు కూడా నీ లెక్కలో లేడాయె" అని బ్రతిమాలెను.

మాచన బదులుచెప్పబోవునంతలో కుమ్మరి వీరన జ్వరముతో కాగుచున్న కూతును భుజముపై వైచికొని పరుగున వచ్చెను. మాచన పిల్లనాడి పట్టెను, కన్ను విప్పిచూచెను, నాలుక చూచెను, మఱల నాడి పట్టెను. "బ్రదుకును. తెల్లవాఱుసరికి చెమట పట్టును" అని మందు తేనెతో రంగరించి నాకించెను. వీరన పైపంచెకొంగుతో కన్నులు తుడుచుకొని మాఱుప్రశ్న వేయక పిల్లను ఎత్తుకొని నెమ్మదిగా నడచిపోయెను. వచ్చునప్పటి పరుగు అతని కాళ్లలో లేదు.

మాచన అతడు పోయిన త్రోవనే చూచుచు "శెట్టీ, వానితో చెప్పినది ఈ నోటితోనే గదా. రేపు నేను వాకిట నిలిచి నమ్మని మాట పలికితినేని అది అబద్ధమని ఊరందఱికిని తెలియును. ఆపైని ఈ నోరు బ్రదుకునన్న ఏ తండ్రి అట్లు నడచిపోగలడు?" అనెను. ఊరు విడిచిపోవలసివచ్చునన్న దిగులు అతని కంఠమున తెలియుచునే యుండెను. పేరిశెట్టి "నీ మాట నిజమే. ఊరు వినదు" అని లేచిపోయెను. వాకిట యతి కన్నులు మూసికొని యుండెను. విన్నాడో లేదో అప్పటికి తెలియలేదు.

కొన్నిదినములకు మిట్టమధ్యాహ్నమున శిష్యులు మంటపమున భోజనమునకు పోయిన వేళ, శపథము గురువుదే గాని శిష్యులది కాదుగదా, వడగాలి విసరుగా వీచి గొడుగును పడద్రోసెను. నిలుపువా డెవ్వడును లేడు. కామసాని కేక విని మాచన వచ్చునప్పటికి యతి తెలివిదప్పి గడపపై నొరగియుండెను. మాచన అతనిని లోనికి చేర్చి నీళ్లు చల్లిన నేలపై పరుండబెట్టి ఒడలెల్ల తడిగుడ్డ కప్పి ఉల్లిరసము అరికాళ్లకు మర్దించి శపథమున కడ్డురాని నీటిని బొట్టుబొట్టుగా పెదవులపై విడిచెను. నాడి సన్నగిల్లి తడబడుచుండెను. ఇంతలో వీథి వీథియంతయు గుమ్మముకడ మూగెను. కామసాని గోరువెచ్చని గంజి గిన్నెతో తెచ్చెను.

"పోసెయ్యి మాచనా" అని పేరిశెట్టి చెవిలో పలికెను. "తెలివిలేనివాడికి వ్రతమేమిటి? ఇక్కడున్నవాళ్లెవరం చెప్పం. ఆయన లేచి కూర్చుంటాడు, నీ ఊరు నీకుంటుంది."

మాచన గిన్నె యందుకొనెను. గంజి లోనికి పోయిన నాడి నిలద్రొక్కుకొనునని అతనికి తెలియును. ఆ క్షణమున వేకువ భజనలును త్రోవలో రోగుల నాపిన శిష్యులును తన నోరు తెఱపింప తన గడపనే పట్టిన యీ మొండిపట్టును అన్నియు నొక్కసారి మనసున మెదలగా ఇతని వ్రతము నా చేతితోనే చెడగొట్టినచో తగినశాస్తి యగునుగదా యని తోచెను. అట్లు తోచినందులకు మఱుక్షణమే సిగ్గుపడెను. వలదని యీతడు చెప్పియున్నాడు. చెప్పినమాట తెలివితో పాటు తప్పిపోవునా? తెలిసి తెలిసి తెలివిలేని వేళ నోట పోసినది మందగునా, దొంగతనమగునా? మఱి ప్రాణము పోయిన పిదప ఈ విచారమెల్ల ఎవ్వనికొఱకు? మాచన భయపడెను. నాడి యింకొకింత జారెనా పోసెదను, పోసితినని చెప్పి నింద మోసెదను. అందాక వలదన్నమాట వలదన్నమాటయే యని నిశ్చయించుకొని గిన్నెను ప్రక్కనుంచి మణికట్టు విడువక కూర్చుండెను. గుమ్మముకడ నెవ్వడో మాచనను కసాయివాడనెను. గంజి చల్లాఱగా కామసాని మఱల కాచి తెచ్చెను.

గడపలోని యెండ ముంగిటికి జరుగునప్పటికి యతి కన్నులు విచ్చెను. చుట్టును చూచెను, గంజిగిన్నెను చూచెను, నాలుకతో పెదవులు తడవి చూచికొనెను.

"నా నోట నేమి పోసితివి?"

"నీరు."

"గంజి?"

"పోయలేదు."

"ఏల?"

"మీరు వలదంటిరి" అని మాచన చెప్పి "నాడి యింకొకింత జారియుండినచో పోసియుందును. అది దాచను" అనెను.

విమలబోధుడు చూపును దూలములవంక త్రిప్పెను. కనుకొలకులనుండి నీరు చెవులలోనికి జాఱెను. "నేను తెలివిదప్పియున్నను నా వలదన్నమాట నీకు వినబడెను. నీవు తెలివితో నుండి మజ్జిగయిచ్చి చెప్పినమాట నాకు వినబడలేదు" అని సన్నని స్వరమున పలికి కామసానివంక తిరిగి "తల్లీ, ఆ గంజి తెమ్ము" అనెను.

గుమ్మముకడ కలకలము పుట్టెను. "స్వామీ, ఆయన ఇంకా నామమనలేదు" అని పేరిశెట్టి తడబడుచు పలికెను.

"అనలేదు. ఓడితిని. దండము మఠమునకు పంపెదను" అని యతి చేయి చాచెను. ఆ చేయి గిన్నెను మోయలేదని చూచి కామసాని తల్లివలె తల యెత్తిపట్టి త్రావించెను. ఆమె కన్నులును తడిగానే యుండెను, నోట మాత్రము "నిదానంగా, నిదానంగా. ఇప్పుడెవరూ తొందరపెట్టడం లేదు" అనుచుండెను.

గంజి ముగిసిన పిమ్మట విమలబోధుడు మణికట్టును తానే మాచనకు చాచెను. "వీరనతో నీవు చెప్పినది వాకిట వింటిని. నాకును చెప్పుము. బ్రదుకుదునా?"

మాచన ఆ నాడిని వలయునంతకంటె నెక్కువసేపు పట్టి చూచెను. "బ్రదికెదరు" అనెను.

యతి మాఱుప్రశ్న వేయక కన్నులు మూసికొని పసిబిడ్డవలె నిద్రించెను. వీథివారు ఒక్కరొక్కరుగా తలలు వంచుకొని చెదరిపోయిరి. కామసాని పొయ్యి రాజవేసి మిగిలిన గంజియే రెండు గిన్నెలలో పోసి తేగా మగడును ఆలును ఆ నిద్రించువాని ప్రక్కనే కూర్చుండి త్రావిరి. నమ్మకమనునది వాకిట కూర్చుండి పట్టుబట్టి యడిగినవానికి దొరకునది కాదు. ఎన్నడు నడుగనివాని యింటికి అది తానై వచ్చి కన్నులు మూసికొని నిద్రించును.