ఆకు బొమ్మ డబ్బా

నేనొక రేకు డబ్బాను. అరచేతిలో ఇమిడిపోతాను. మూత తిప్పితే కిర్రుమంటాను. నా నెత్తిన పచ్చటి ఆకు బొమ్మ ఒకటుంది. దాని మూలంగా సరిహద్దు కొండకు అటు పక్కవాళ్లు నన్ను మందన్నారు, ఇటు పక్కవాళ్లు నేరమన్నారు. నేను మాత్రం రెండు పక్కలా ఒకే డబ్బాని. ప్రస్తుతం మలేసియా సరిహద్దు గేటు దగ్గర ఒక గదిలో, గాజు తలుపుల బీరువాలో ఉన్నాను కనుక నా కథ చెప్పుకోవడానికి తీరికకు లోటు లేదు.

పుట్టుక గురించి గొప్పలు పోవడానికేమీ లేదు. బ్యాంకాక్ శివార్లలోని ఒక ఫ్యాక్టరీలో యంత్రం రేకు మీద ఒక్క దెబ్బ వేస్తే నేనయ్యాను, ఇంకో దెబ్బ వేస్తే నా మూత అయింది. డబ్బాలం అందరం ఖాళీగానే పుడతాం. లోపల ఎవరేం పోస్తే అదే మా జాతకం. నాకు జాతకం రాసింది థాయ్‌లాండ్ దక్షిణాన, హాత్ యాయ్ ఊళ్లో ఉండే మాలీ. ఇంటి వెనక షెడ్డులో కొబ్బరినూనె కాచి, తేనెమైనం, కర్పూరం, అల్లం వేసి, చివర గుప్పెడు గంజాయి ఆకు వేసి సన్నటి మంట మీద మరిగించేది. ఆ వాసనకు మధ్యాహ్నాలు పొడుగ్గా సాగేవి. షెడ్డులో ఈగలు కూడా తొందర మానుకుని నెమ్మదిగా వాలేవి. ఆ ఆవిరిలో పేర్చి పెట్టిన డబ్బాలం అందరం సగం నిద్రలో ఉండేవాళ్లం.

ఆ మొక్కను పెరట్లో పెంచాడని మాలీ తండ్రిని ఒకప్పుడు పట్టుకెళ్లి జైల్లో పెట్టారట. తరవాత ప్రభుత్వం మనసు మార్చుకుంది. అదే పెరడు, అదే మొక్క. ఇప్పుడు మాలీ దానికి పందిరి వేసి, పక్కన అమ్మకానికని బోర్డు కూడా పెట్టింది. ఈమధ్య అక్కడా మళ్లీ చట్టం బిగిస్తున్నారని విన్నాను, అది వేరే సంగతి. ఆ ముసలాయన సాయంత్రం కాగానే కుర్చీ వేసుకుని మొక్కకు ఎదురుగా కూర్చునేవాడు. జైల్లో పోయిన ఏళ్లను ఎవరిని అడగాలో తెలియని మనిషి ఇంకేం చేస్తాడు? ఆయన్ని చూస్తే నాకు జాలేసేది.

సంతలో నన్ను కొన్నది పైడమ్మ. మలేసియాలో పేరాక్ వైపు, తెలుగువాళ్లు చాలామంది స్థిరపడిన ఊరు ఆవిడది. తాతల నాడు విజయనగరం వైపు నుంచి తోటపనికి ఓడెక్కి వచ్చిన కుటుంబం. ఆవిడ వయసంతా రబ్బరు తోటలో పాలు గీయడానికే సరిపోయింది. చెట్టు చెట్టుకీ వంగి లేచిన మోకాళ్లు, పని మానేశాక కక్ష కట్టాయి. ఊరి ఆడవాళ్లంతా వ్యాను మాట్లాడుకుని హాత్ యాయ్ చూడ్డానికి వచ్చారు. తోడుగా కోడలు సులోచన. బడిలో టీచరు.

అత్తాకోడళ్ల సంగతి ఆవిడ నాకు చెప్పిందే. మోకాలికి రాసుకుంటూ తనలో తను మాట్లాడుకోవడం ఆవిడ అలవాటు. పొద్దున్నే పూజకు పీట మీద కూర్చుంటుంది. హారతి అయ్యాక లేవలేదు. కోడల్ని పిలిస్తే వస్తుంది. పిలవదు. గోడ పట్టుకుని, పీట పట్టుకుని, అదీ కుదరకపోతే మోకాళ్లు కనికరించేదాకా అలాగే నేల మీద కూర్చుంటుంది. సులోచన చెడ్డదేం కాదు. కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారి వంటింటి గిన్నెల్ని తన పద్ధతిలో సర్దింది, అంతే. అత్తల చట్టంలో అంతకు మించిన నేరం లేదు. అప్పటి నుంచి ఆ వంటింట్లోనూ ఒక సరిహద్దు ఉంది. పొయ్యికి అటు అత్త, ఇటు కోడలు. మాటలు మాత్రం అవసరమైనవి దాటుతుంటాయి.

సంతలో మాలీ నా మూత తీసి, నవ్వుతూ పైడమ్మ మోకాలికి కాస్త రాసింది. పైడమ్మ ముక్కాలిపీట మీద నుంచి ఎవరి సాయం లేకుండా లేచి నిలబడింది. మందు పనితనమో, నమ్మకం పనితనమో నేను తేల్చి చెప్పలేను. ఆవిడ ముఖం మాత్రం వెలిగిపోయింది. "ఇంకెవుల్నీ పిలవక్కర్నేదు" అంది నాతో. ఆ మధ్యాహ్నం హోటలు గదిలో మోకాళ్ల నిండా రాసుకుని పడుకుంది. కలలో రబ్బరు చెట్లన్నీ వరసగా ఆవిడ దగ్గరికే నడిచి వచ్చాయట. ఆవిడ వంగనక్కర లేకుండా అవే వంగి నిలబడ్డాయట. లేచాక చాలాసేపు ఆ కల నాకు చెబుతూనే ఉంది. నన్ను కొన్నట్టు కోడలికి మాత్రం చెప్పలేదు.

తిరుగు ప్రయాణంలో, సరిహద్దు ఇంకా రాకముందే, భోజనాల దగ్గర వ్యాను ఆగింది. కొండల మీద పొగమంచు దుప్పటిలా పరుచుకుని ఉంది. వ్యాను నడిపే సింహాద్రి అందరికీ వినబడేలా గొంతు పెంచాడు.

"అమ్మలారా, ఒక్క మాట. ఆకు బొమ్మున్న బిస్కత్తు గానీ, టీపొడి గానీ, మందు గానీ, ఏటున్నా ఇక్కడే ఒగ్గేయండి. అమ్మినోలు నవ్వుతా అమ్మినారు. గేటుకాడోలు నవ్వరు. కొంచివుంటే జైలు. ఎక్కువుంటే ఉరిదాకా ఎల్తాది."

సులోచన అత్తగారి వైపు తిరిగింది. "అత్తా, మీకాడేటైనా ఉందా?"

"నాకాడేటుంటాది?" అంది పైడమ్మ.

అని, నన్ను కొంగులో దాచుకుని స్నానాలగదికి నడిచింది. తలుపు వేసుకుని నాలో ఉన్న మందును వేలితో తీసి, రెండు మోకాళ్లకూ పట్టినంత పట్టించింది. పట్టనిది ఏడుపు మొహంతో చెత్తబుట్టలో వేసింది. ఇక మిగిలింది నేను. నన్నూ పారేసి ఉంటే ఈ కథే లేదు. కానీ పైడమ్మ పుట్టి బుద్ధెరిగాక ఒక డబ్బా పారేసిన మనిషి కాదు. వాళ్లింట్లో పాలలో కలుపుకునే మైలో పొడి డబ్బాలో మిరపకాయలు, బిస్కెట్ల డబ్బాలో సూదీ దారాలు ఉంటాయి. తప్పు మందుది గానీ డబ్బాది కాదు గదా అని ఆవిడ లెక్క. సబ్బుతో, గుమ్మం దగ్గరి ఇసకతో నన్ను తళతళలాడేలా తోమింది. ప్రయాణమంటే పైడితల్లి కుంకుమ లేనిదే గడప దాటదు. ఆ కుంకుమ పొట్లం దారిలో చిరిగి ఉంది. దాన్ని తెచ్చి నాలో పోసి మూత బిగించింది. అమ్మవారి కుంకుమ చెప్పులున్న తన సంచిలో పెట్టకూడదని, వెళ్లి కోడలి చేతిసంచిలో పాస్‌పోర్టుల పక్కన నన్ను దూర్చింది. కోడలు అప్పుడు చేతులు కడుక్కుంటోంది.

నా కడుపులో కుంకుమ, నెత్తి మీద గంజాయి ఆకు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని మీకు తెలుసు. పైడమ్మకూ తెలుసు. అవసరానికి గుర్తు రాలేదు.

గేటు దగ్గర ఒక నల్లకుక్క వరస వెంబడి వచ్చింది. అది నేరుగా పైడమ్మ మోకాళ్ల దగ్గరికి పోయి, కళ్లు సగం మూసి వాసన పీల్చి, అక్కడే చతికిలబడింది. ఆ తరవాత లేచి సులోచన చేతిసంచికి ముక్కు ఆనించింది. యూనిఫాంలో ఉన్న కుర్ర అధికారి సంచి తెరిచాడు. పాస్‌పోర్టులు, దువ్వెన, నేను. ఆకు బొమ్మ పైకి పెట్టి నన్ను బల్ల మీద ఉంచాడు.

ఇది ఎవరిదని మలాయి భాషలో అడిగాడు.

సులోచన నన్ను చూసింది, తోమిన గీతలు చూసింది, అత్తగారి మొహం చూసింది. ఇంత తళతళలాడేలా తోమే చెయ్యి ఎవరిదో ఆమెకు తెలుసు. బడి, ఉద్యోగం, ఇంటి దగ్గర పిల్లలు, అన్నీ ఆ క్షణంలో ఆమె కళ్లముందు తిరిగే ఉంటాయి. అయినా మెల్లగా, "నాది" అంది.

"కాదయ్యా, నాది" అంది పైడమ్మ వెనక నుంచి, వచ్చీరాని మలాయిలో. అని కోడలి మీద తెలుగులో విరుచుకుపడింది. "నువ్వూరుకో. కొన్నది నాను."

"మీరూరుకోండత్తా. నా బేగులో ఉండాది. నాదే."

"నీ బేగులో ఎట్టిందీ నానే."

అధికారి వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆ బల్ల దగ్గర అందరూ 'నాది కాదు' అనేవాళ్లే. ఒక నేరం కోసం ఇద్దరు పోట్లాడుకోవడం అతను చూసి ఉండడు. ఇద్దరినీ లోపలి గదిలో ఎత్తు తక్కువ బల్ల మీద కూర్చోబెట్టి, నన్ను తీసుకుని ఎదురుగా ఉన్న మేజా దగ్గరికి పోయాడు. దూదితో నా అంచులనూ మూతనూ తుడిచి, ఆ దూదిని ఏదో మందు నీళ్లలో ముంచి, పై అధికారి కోసం కబురు పెట్టాడు.

గదిలో ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది. ఏ దేశానికీ చెందని చోటులా ఉంది అది. అత్తాకోడళ్లు అంత దగ్గరగా కూర్చోవడం బహుశా అదే మొదలు.

"నీకేటి పిచ్చా?" అంది పైడమ్మ, గొంతు తగ్గించి. "నాది ముసలి పానం. జైల్లో ఎట్టినా ఇంత కూడెడతారు. నీకు పిల్లలుండారు, ఉజ్జోగముంది."

"జైల్లో నేల మీద కూకోబెడతారత్తా. మిమ్మల్ని లేపేదెవులు?"

పైడమ్మ మోకాళ్ల మీది చీర సర్దుకుంది.

"రోజూ హారతయ్యాక పూజగది తలుపవతల నిలబడే ఉంటాను" అంది సులోచన, నేల చూస్తూ. "మీరు లేచి నిలబడిన సప్పుడు ఇన్నాకే బడికెల్తాను."

"మరి లోపలికి రానేదేటి?"

"మీరు పిలవనేదు కదత్తా."

ఆ మాటకు నాకే గుండె ఉండి ఉంటే కలుక్కుమనేది. ఇన్నాళ్లూ ఒకావిడ గోడకు అటు నేల మీద, ఇంకొకావిడ గోడకు ఇటు నిలబడి. మధ్యలో ఏ కాపలావాడూ లేడు, ఏ కుక్కా లేదు. అయినా ఇద్దరూ దాటలేదు.

పై అధికారి వచ్చాడు. మందు నీళ్ల రంగు మారలేదు. పైడమ్మ సబ్బూ ఇసకా అంత పని చేశాయి. లోపలున్నది ఉట్టి కుంకుమ. ముసలమ్మ మోకాళ్లకు వాసన వేస్తోందని ఏ చట్టం కింద కేసు రాయాలో ఆయనకు తోచలేదు. గట్టిగా మందలించి, ఇక వెళ్లమన్నాడు. ఆకు బొమ్మ ఉంది కాబట్టి డబ్బా మాత్రం ఇక్కడే ఉండాలన్నాడు. పైడమ్మ తల ఊపింది. "డబ్బా ఉంచుకో బాబూ, అమ్మోరి కుంకుమ ఇచ్చీ" అంది. సులోచన దాన్ని మలాయిలో చెప్పింది. కుర్ర అధికారి కాగితం పొట్లం చుట్టి, నన్ను దాని మీద వంచి, ఒక్క రేణువు కింద పడకుండా కుంకుమంతా అందులో పోసి ఇచ్చాడు. నేను మళ్లీ పుట్టినప్పటిలా ఖాళీ అయ్యాను.

ఆ తరవాత నన్ను ఈ బీరువాలో, ఆకు బొమ్మ బయటికి కనబడేలా పెట్టారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన వాళ్లకు నన్ను చూపించి ఇలాంటివి పట్టుకోవాలి అని చెబుతుంటారు. నేనేమీ అనుకోను. అయితే వాళ్లు చెప్పే కథలో ఆ గదిలోని చివరి సంగతి ఉండదు, కాబట్టి నేనే చెప్పాలి.

వెళ్లమన్నాక పైడమ్మ లేవబోయింది. బల్ల ఎత్తు తక్కువ. సగం లేచి మళ్లీ కూలబడింది. పట్టుకోవడానికి దగ్గర్లో గోడ లేదు, పీట లేదు. సులోచన అప్పటికే లేచి నిలబడి ఉంది. చెయ్యి చాచలేదు. కదల్లేదు. అలా చూస్తూ నిలబడింది. పైడమ్మ కాసేపు తన మోకాళ్ల వైపు చూసుకుంది. నాలో మందుండి ఉంటే ఆవిడ నన్నే వెతుక్కునేది.

"సులోచనా" అంది చివరికి, "సెయ్యియ్యమ్మా."