ఎరగనన్న మనిషి

అందులో అంత నవ్వాల్సిందేముంది, అంబ్రోజ్ థాక్‌వెల్ పార్లమెంటు మెట్లు దిగుతూ అనుకున్నాడు, అచ్చువేసే ఆ డోర్కాస్‌ని ఇవాళ పొద్దున జైల్లోంచి వదిలేశారటయ్యా అన్నాడు గిడియన్, అని భుజం మీద చెయ్యేసి నవ్వాడు, ఏళ్ళ తరబడి సభలో పక్కన కూర్చుంటున్న స్నేహితుడు, ఆ చెయ్యి ఇవాళే ఎందుకంత బరువనిపించింది, అలాగా అని ఊరుకున్నాడు తను, ఆవిడెవరని అడగాల్సింది, అడక్కపోతే తెలుసనేగా అర్థం, పద ఆల్చిప్పలు తిందాం అన్నాడు మళ్ళీ, ఎప్పుడూ జేబులోంచి పైసా తియ్యని గిడియన్ ఇవాళ తినిపిస్తాడట, ఎవరు తినిపించమన్నారో, నువ్వు పద, వెనకే వస్తానన్నాడు, వెనకే ఎందుకు.

ఊరికే ఎవర్నీ వదలరు, రాజుగారి ఓడల్ని డచ్చివాళ్ళు నదిలోకొచ్చి మరీ తగలబెడుతుంటే దర్బారు పేకాడుతూ కూర్చుందని ఆమె అచ్చేసి పట్టుబడ్డ ఆ పద్యం, లండన్లో బండివాడి నోట్లో కూడా అదే, రాసింది తనేనని ఎరిగినది ఒక్క డోర్కాస్, దీపం నూనె, సిరా కలిసిన వాసన కొట్టే ఆ కొట్లో నిలబడే చదివింది, అయ్యగారూ, మీరు ఆత్మ గురించి రాస్తే నాకు ఒక్క ముక్క ఎక్కదు, ఇది మాత్రం మా వీధి చేపలావిడక్కూడా ఎక్కుతుంది, అందుకే దీనికి ఉరేస్తారు అని పకపకా నవ్వింది, అప్పుడూ నవ్వే, అందరూ నవ్వేవాళ్ళే, మొగుడు పోయిన మనిషి, పెళ్ళికెదిగిన కూతురుంది, కూతుర్ని లోపలేస్తామని బెదిరిస్తే ఏ తల్లి నోరు విప్పదు, విప్పే ఉంటుంది, తనేం తక్కువ తిన్నాడు గనక, పాత రాజు తల నరికించినవాడికి స్తోత్రం రాశాడు, ఆ రాజు కొడుకు గద్దెనెక్కితే అతనికీ రాశాడు, ఆత్మంటే తలుపు తియ్యకుండా ఇల్లు దాటే వెలుగని రాసిన చేత్తోనే, ఒకే పాదంలో రెండర్థాలు ఇమిడ్చి ఏ గాలి వీస్తే ఆ అర్థం నాదేననడం అలవాటయింది, ఇప్పుడు ఎవరు మంచినీళ్ళు కావాలా అన్నా రెండో అర్థమే వినపడుతోంది.

మెట్ల కింద పెద్ద హాల్లో ఎప్పటిలాగే సంత, ఒకపక్క వకీళ్ళ వాదులాట, ఇంకోపక్క రిబ్బన్లు, చేతి తొడుగులు, పుస్తకాలు అమ్మే కొట్లు, ఆ తొడుగుల కొట్టు దగ్గర ఉన్నది, అవును, డోర్కాస్, సగమైపోయింది, జుట్టు కత్తిరించేశారు, రెండడుగుల వెనక గోధుమరంగు కోటువాడు, వాడి చూపు డోర్కాస్ మీద లేదు, డోర్కాస్ ఎవర్ని చూస్తుందో వాళ్ళ మీదుంది, అదీ సంగతి, తనని గుర్తుపట్టించడానికే ఆమెని తీసుకొచ్చారు, వెనక్కి తిరిగితే తిరిగినందుకే పట్టుకుంటారు, నడువు, ఆమె తలెత్తింది, చూసింది, అయిపోయింది, ఊళ్ళో తన ముసలి అక్క ఒక్కతే ఉంది, ఆవిడకి ఎవరు కబురు చెపుతారు, గిడియన్ వెనకే ఉండి చూస్తున్నాడు కాబోలు, ఆమె ఎదురొస్తోంది, నేరుగా తనవైపే, భుజంతో ఢీకొట్టింది.

కళ్ళు నెత్తికెక్కాయా ఏమయ్యా, ఆడమనిషి కాలు తొక్కి పోతావే అని అరిచింది, కొట్లవాళ్ళంతా ఇటు తిరిగారు, కోటువాడు గబగబా వచ్చి ఈయన్ని ఎరుగుదువా అన్నాడు, ఎవర్ని, ఈయన్నా, ఇలాంటి పెద్దమనుషులు నా కొట్టు గడప తొక్కి ఉంటే నేనెందుకిలా ఉంటానయ్యా, వీళ్ళు పుస్తకాలు కొనరు, నిలబడి సగం చదివి దుమ్ముందని పెట్టేసి పోతారు, పక్క కొట్టువాడు కిసుక్కుమన్నాడు, డోర్కాస్ శాలువా సర్దుకుంది, మణికట్టు చుట్టూ సంకెల ఒరిసిన పుండు, ఇంకా పచ్చిగా, అది చూశాడు తను, తను చూడడం ఆమె చూసి చెయ్యి శాలువాలోకి లాక్కుంది, పోవయ్యా పో, దారికడ్డం అంది, కోటువాడు విసుక్కుంటూ ఆమె వెంట నడిచాడు.

తన పేరు చెప్పలేదు, ఆ పుండు పడేదాకా, అది పడ్డాక కూడా చెప్పలేదు, ఇప్పుడు వాడి కళ్ళముందే తనమీది అనుమానం కడిగి వదిలిపెట్టింది, వెనకనుంచి గిడియన్ రొప్పుతూ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు, ఏమయ్యా అలా పాలిపోయావు, పద, ఆకలేస్తోంది నాకు అన్నాడు, ఉత్త ఆకలి మొహం, అందులో రెండో అర్థమేదీ లేదు, మరి పొద్దుట్నుంచి డోర్కాస్ నోట్లో తన పేరు పెట్టిందెవరు, గిడియన్ చేతిలో బరువు పెట్టిందెవరు, బయట ఎండలో నది మీద పడవలు పోతున్నాయి, అంబ్రోజ్ ఆగిపోయాడు, ఆ సంకెల తన చేతికి పడి ఉంటే, తలుపు మూసిన మొదటి గంటలోనే, ఎవరూ గట్టిగా అడక్కుండానే, డోర్కాస్ పేరు తను చెప్పేసి ఉండేవాడు.