కూర్చోవడానికి ఒక దమ్ము

ఎవడైనా సిగరెట్ కాల్చి పక్క వీధిలోంచి వెళ్తే చాలు, ఏ రకం కాల్చాడో, ఎన్ని దమ్ములు లాగాడో చెప్పేస్తాను. అలాంటిది నా ముక్కు. మా అల్లుడి వడ్రంగి షెడ్డులో ఈ ముక్కుకున్న గౌరవం నాకు కూడా లేదు.

షెడ్డుకి అల్లుడే మేస్త్రీ. రంపపు పొట్టు అంటుకుంటుందని లోపల నిప్పు కూడదన్నాడు. సిగరెట్ కాల్చేవాళ్లు వెనక గోడ దగ్గరికి వెళ్లి, తాపీగా కూర్చుని కాల్చుకుని రావచ్చు. అలవాటు లేనివాళ్లకి బయట పనేముంది? నిలబడి చిత్రిక పట్టాల్సిందే.

సెలవుల్లో మనవడు కూడా పనిలోకి వచ్చాడు. ఇంకా మీసం మొలవలేదు. పొద్దస్తమానం ఉప్పుకాగితంతో తలుపులు రుద్దేవాడు. కొన్నాళ్లకి దగ్గు పట్టుకుంది. పొట్టు పడటం లేదనుకున్నాం.

ఒకరోజు చెక్క మీద గీత గీయాల్సి వచ్చింది. కళ్లజోడు ఎక్కడ పెట్టానో ఏమో. మా పనిలో పెన్సిల్ ఉండేది చెవి మీదే కదా అని, పక్కనున్న మనవడి చెవి తడిమి, దొరికింది లాగి గీశాను. గీత పడలేదు. గట్టిగా నొక్కాను. పెన్సిల్ చితికి పొగాకు రాలింది!

"ఇదేం పెన్సిల్‌రా?"

"నాన్నకి చెప్పకు తాతా."

"ఎవడు నేర్పాడ్రా?"

"కాళ్లు పీకుతుంటే గోడ దగ్గరికెళ్లి కూర్చున్నా. 'మేస్త్రీ కొడుకువి, చాడీలు చెబుతావు. ఓ దమ్ము లాగితేనే ఇక్కడ చోటు' అన్నారు. ఇప్పుడు ఇంటి దగ్గర కూడా కావాలనిపిస్తోంది తాతా."

నా ముక్కు సంగతంటారా? వార్నిష్ వాసనకి ఏనాడో చచ్చింది. పక్కనే నిలబడ్డవాడి నోరే పసిగట్టలేకపోయింది.

అల్లుడికి చెప్పాను. కొడుకు మీదికి చెయ్యెత్తాడు.

"ఆగు అల్లుడూ! నీ షెడ్డులో కూర్చోవాలంటే నోట్లో నిప్పుండాలి. నువ్వు పెట్టిన రూలేగా?"

"నేను రూలు పెట్టింది నిప్పుకి మామయ్యా, కూర్చోడానికి కాదు!"

"మరి కూర్చోడానికి ఏం పెట్టావు?"

ఎత్తిన చేత్తోనే తల గోక్కున్నాడు.

మర్నాడు కిటికీ కింద బల్ల వెలిసింది. నిగనిగలాడే టేకు బల్ల, అటొక సింహం, ఇటొక సింహం. "అందరూ కాసేపు కూర్చోండి. చేతిలో ఏమీ లేకపోయినా సరే," అన్నాడు అల్లుడు.

మనవడు నా పక్కనే కూర్చుంటున్నాడు. దగ్గు తగ్గింది. చూపు మాత్రం ఇంకా గోడ వైపు పోతూనే ఉంటుంది. అప్పుడు ఓ చెక్కముక్క, ఉలి చేతిలో పెడతాను.

సింహాలు మాత్రం నేను చెక్కినవే, నోటితో. నిజానికి ఆ బల్ల పాత తలుపు రెక్క, రెండు డబ్బాల మీద వేశాడు. గొళ్లెం కూడా ఊడదియ్యలేదు. సరిగ్గా నేను కూర్చునే చోటే ఉంది.