బుస కొట్టే బండి

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేకపోతోంది. తూర్పున కాస్త ఎర్రబడింది, అంతలో మబ్బు కమ్మింది, నాలుగు చినుకులు రాల్చి మళ్ళీ ఊరుకుంది. పాలాయనకు ఇలాంటి నాన్చుడు గిట్టదు. కురిస్తే కురవాలి, లేదంటే ఎండ కాయాలి. పైగా అతను ఎక్కిన బండి కూడా అచ్చంగా అదే పని చేస్తోంది.

పాలాయన హారన్ కొట్టడు. ఎప్పుడో ఒకసారి, రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న నర్సమ్మ కిటికీ తెరిచి అతనికి రెండు చేతులూ జోడించింది. ఆనాటి నుంచి ఏ గేటు ముందూ హారన్ మీద చెయ్యి వెయ్యలేదు. యాక్సిలేటర్ వదిలేసి, ఇంజన్ ఆపకుండా నిలబడతాడు. అది తనపాటికి తాను డుగుడుగుమంటూ తిరుగుతుంటుంది. ఆ చప్పుడు విని ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని బయటికొస్తారు. అతని పిలుపల్లా అదే.

షోరూములో సర్వీసు చేయించిన దగ్గర్నుంచి ఆ పిలుపు పోయింది. ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు బాగానే ఉంటుంది. వేడెక్కిందంటే మాత్రం, గేటు ముందు చెయ్యి వదలగానే చప్పుడు గీమని పైకి లేస్తుంది, దిగజారుతుంది, రెండుసార్లు దగ్గి చచ్చిపోతుంది. కిక్కు మీద కిక్కు కొట్టి పాలాయన మోకాలు వాచింది.

ఆఖరి గేటు తన సందు చివరే ఉన్న పంతులమ్మది. బండి చచ్చాక అతను చాలాసేపు నిలబడ్డాడు. ఆవిడ పెద్ద పుస్తకాల సంచి భుజాన వేసుకుని, బడికి వెళ్ళడానికే బయటికొచ్చింది.

"ఇవాళా రాలేదనుకున్నానయ్యా. ప్యాకెట్ తెప్పించేసుకున్నాను."

"వచ్చానమ్మా. ఇందాకట్నుంచీ ఇక్కడే ఉన్నాను."

"చప్పుడు లేదే?"

"దాని నోరు పడిపోయిందమ్మా."

"అయితే నువ్వైనా నోరు తెరవాల్సింది." ఆవిడ నవ్వుతూనే అంది గానీ, "ప్యాకెట్ అయితే ఎదురుచూసే పని లేదులే" అని కూడా అంది.

ఆ మాట అతనికి ముల్లులా దిగింది. ఆ వీధుల్లో ఇప్పటికే కొన్ని గేట్లు ఇలాగే చల్లగా జారిపోయాయి.

అసలు షోరూముకు ఇమ్మన్నది పెళ్ళాం. ఆమె తమ్ముడు కొత్తగా అక్కడ మెకానిక్కుగా చేరాడు. "రోడ్డుపక్కన ఎవడో విప్పే బదులు మావాడి చేతిలో పెట్టొచ్చుగా" అంది. పెట్టాడు. బండి పెళ్ళికొడుకులా తిరిగొచ్చింది. టైర్లకు కూడా నల్లరంగు పూశారు.

పాల క్యాన్లు విప్పకుండానే పాలాయన షోరూముకు వెళ్ళాడు. అద్దాల తలుపు దగ్గరే మేనేజర్ ఎదురయ్యాడు. వెనకాల, నీలం చొక్కాలో బావమరిది ఏదో చక్రం విప్పుతున్నాడు.

"పెట్రోలు ఎక్కడ కొట్టిస్తారు?" అన్నాడు మేనేజర్, అంతా విన్నాక.

"ఎప్పుడూ కొట్టించేచోటే."

"అక్కడే ఉంది తేడా."

"సర్వీసుకు ముందూ అదే పెట్రోలండీ. అప్పుడు లేని తేడా మీ గడప తొక్కాకే వచ్చింది."

మేనేజర్ వంగి చూశాడు. "ఈ స్క్రూ ఎవరు తిప్పారు?"

"నేనే. చచ్చిపోతుంటే ఇంజన్ వేగం కాస్త పెంచాను."

"అదీ సంగతి! సొంత వైద్యం. ఇక మాకు సంబంధం లేదు. కార్బురేటర్ మొత్తం మార్చుకోండి. పాలబండ్లతో ఎప్పుడూ ఇదే గోల, గాడిద మీద వేసినట్టు బరువేస్తారు."

పాలాయనకు ఒళ్ళు భగ్గుమంది. అయినా గొంతు అదుపులోనే పెట్టుకున్నాడు. "అయ్యా, ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అక్కడ బుస వినిపిస్తోంది. పాము బుసలాగే. ఒక్కసారి చెవి పెట్టి వినండి."

"పామా? అయితే పాములవాణ్ణి పిలవాలి గానీ మేమెందుకు?"

కుర్చీల్లో కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. నవ్వనివాడు ఒక్కడే. బుస అన్న మాట వినగానే బావమరిది చేతిలోని పానా ఆగిపోయింది. తలెత్తి బండివంక చూశాడు, బావవంక చూశాడు, గబుక్కున తల దించుకున్నాడు. పాలాయన అది చూశాడు. నోటిదాకా వచ్చిన మాట మింగి, బండి తోసుకుంటూ వచ్చేశాడు. దారి పొడుగునా తనను తానే తిట్టుకున్నాడు.

"మావాడేమన్నాడు?" అంది పెళ్ళాం.

"పడిపోయిన సూది వెతుకుతున్నట్టు నేలకేసి చూశాడు."

"వాడిది కొత్త ఉద్యోగం కదయ్యా..."

"నాది పాత ఉద్యోగం! పాతదైతే పోయినా ఫరవాలేదా?"

సాయంత్రం బావమరిది వచ్చాడు. నీలం చొక్కా విప్పలేదు, జేబులో స్క్రూడ్రైవర్ ఉంది.

"బావా, ఒకసారి స్టార్ట్ చెయ్యి."

"పాములవాడొచ్చాడే!" అన్నాడు పాలాయన లోపలికి వినబడేలా.

బావమరిది తనే కిక్కు కొట్టాడు. ఇంజన్ బాగా వేడెక్కేదాకా ఆగి, "అక్కా, చెంచాతో నీళ్ళు తే" అన్నాడు. కార్బురేటర్‌కూ ఇంజన్‌కూ మధ్యన గాలి, పెట్రోలు వెళ్ళే రబ్బరు గొట్టం అంచు మీద చుక్కలు చుక్కలుగా వదిలాడు. ఒకచోట నీళ్ళు కిందికి కారలేదు, లోపలికి పోయాయి. బుస ఆగింది, ఇంజన్ ఎక్కిళ్ళు పెట్టింది.

"గాలి ఇక్కణ్ణుంచి దొంగతనంగా దూరుతోంది. గొట్టం పట్టీ బిగించలేదు."

"ఎవరు?"

"విప్పిందీ పెట్టిందీ నేనే. బిగించబోతుంటే అమ్మకానికి పెట్టిన బండ్లు తుడవమని పిలిచాడు మేనేజర్. వచ్చేసరికి పక్కవాడు ట్యాంకు ఎక్కించేశాడు. బిగించే ఉంటాడనుకున్నాను."

"వాడేమో నువ్వు బిగించావనుకున్నాడు. నడిపి చూసినవాడు లేడు. టైర్లకు రంగు పూసేందుకు మాత్రం మనుషులున్నారు!"

"అక్కడ నడిపి చూడనివ్వరు బావా. తుడిచి బయట పెట్టడమే."

"సరే. నీకెప్పుడు తెలిసింది?"

"పొద్దున, నువ్వు బుస అన్నప్పుడే."

"తెలిసీ!" పాలాయన గొంతు మొదటిసారి పెద్దదైంది. "వాడు నన్ను గాడిదలు తోలేవాణ్ణి చేసి నవ్విస్తుంటే, తెలిసీ!"

"ఒప్పుకుంటే రేపు లోపలికి రానివ్వడు."

"నన్నేమో ఏ గేటూ రానివ్వట్లేదు. అది కనబడలేదూ నీకు?"

బావమరిది బండివైపు తిరిగాడు. ఇంజన్ ఆపి, పట్టీ బిగించి, పాలాయన తిప్పిన స్క్రూను మళ్ళీ వెనక్కి తెచ్చాడు. ఈసారి ఒక్క కిక్కుకే అందుకుంది.

"మొదట ఎప్పుడూ బాగానే ఉంటుంది. చచ్చేది తర్వాతే" అన్నాడు పాలాయన.

"అయితే తిరగనీ." బావమరిది చేతులు తుడుచుకుని, బావ మొహం చూడకుండా అన్నాడు. "రేపు అందరిముందూ నేనే చెబుతాను. నువ్వు పక్కనుండు చాలు."

పాలాయన వాచిన మోకాలు రుద్దుకున్నాడు. కోపం ఒక్క మాటకు దిగేది కాదు.

"అన్నం చల్లారిపోతోంది. ఆ బండికి కాపలా కాస్తారా ఏంటి?" అంది ఆమె. ముగ్గురికీ గుమ్మానికి ఎదురుగానే పళ్ళాలు పెట్టి, తలుపు బార్లా తెరిచింది.

ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడితే బయటి చప్పుడు వినబడదు. మధ్యలో ఒకసారి ఇంజన్ తడబడినట్టయింది. ముగ్గురి చేతుల్లోనూ ముద్దలు ఆగిపోయాయి. అది సర్దుకుని మళ్ళీ డుగుడుగుమంది. ముద్దలు కదిలాయి. ఆమె తమ్ముడి పళ్ళెంలో కూర వేసి, మొగుడి పళ్ళెంలోనూ అంతే వేసింది.

సందు చివర గేటు కిర్రుమంది. పంతులమ్మ గిన్నె పట్టుకుని బయటికొచ్చింది. ఇటూ అటూ చూసి, ఈ వేళప్పుడు పాలేమిటని కాబోలు, నెత్తి కొట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. పాలాయన అది చూశాడు. తల వంచుకుని, ఇంకాస్త అన్నం కలుపుకున్నాడు.