సీటు కింద సుద్దరాత

పెట్టె నడవడం నేను కళ్లారా చూశాను. మేనేజరు ముంజేతికి పట్టీ కట్టుకుని ముందు నడుస్తుంటే, చక్రాల తోలుపెట్టె ఒకటి తనంతట తానే అతని వెనకాల వచ్చింది. అతనాగితే ఆగింది, తిరిగితే తిరిగింది. కోట్లు తొడుక్కుని చూడటానికొచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. అప్పుడే మోటార్ల అక్క అరచేతులు నేలకానించి, ఒళ్లు ఈడ్చుకుంటూ మరుగుదొడ్డి వైపు పోతోంది. ఒక కోటువాడు పెట్టెకి దారివ్వమని ఆమెకి చేత్తో సైగ చేశాడు. అక్క పక్కకి జరిగింది.

మాది చక్రాల కుర్చీలు చేసే షెడ్డు. నేను వెల్డర్ని. మా దగ్గర ప్రతి కుర్చీ ఒక మనిషి కొలతలకే తయారవుతుంది. ఆ కొలతలు సీటు రేకు అడుగున సుద్దతో రాస్తాం. పనంతా అయ్యాక ఆ మనిషే కూర్చుని షెడ్డు చుట్టూ ఒక రౌండు తిరగాలి. అప్పుడే కుర్చీ గేటు దాటుతుంది.

అక్క పన్నెండేళ్లుగా ఇక్కడ మోటార్లకి తీగ చుడుతోంది. నిరుడు క్రేను కొక్కెం ఊడి ఆమె కాళ్ల మీద మిషను పడింది. రెండు కాళ్లూ తీసేశారు. కుర్చీ ఇస్తామని కంపెనీ మాటిచ్చింది, కొలతలు నేనే తీశాను. సిద్ధమైన ఇరవై మూడు ఫ్రేముల్లో ఒకటి ఆమెది. మోటారు, బ్యాటరీ బిగిస్తే చాలు. ఈలోగా పెట్టెల ఆర్డరొచ్చింది. కుర్చీల కోసం అక్క చుట్టిన మోటార్లనే పెట్టెల్లో బిగించమన్నారు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, బిగించాం. ఒక్కరమూ నోరెత్తలేదు.

కోట్లవాళ్లు వెళ్లగానే మేనేజరు ఇంకో మాట చెప్పాడు. పెట్టెలకి చోటు చాలడం లేదట, తెల్లారి ఆ ఫ్రేములన్నీ కోసి తుక్కులో వెయ్యాలట.

మధ్యాహ్నం అన్నాల దగ్గర గొడవైంది.

"కుర్చీ అయితే ఏంటి, పెట్టె అయితే ఏంటి?" అన్నాడు రంగులు వేసే కుర్రాడు. "పనుంది, అంతే చాలు. పెద్దోళ్లతో పెట్టుకుని రోడ్డున పడదామా?"

"అక్కకి మాటిచ్చారు కదరా," అన్నాను.

"ఇచ్చింది వాళ్లు. నేను కాదు."

అక్క తన డబ్బాలో అన్నం కలుపుకుంటోంది. పక్కనున్న నీళ్ల సీసా మూత కూడా తియ్యలేదు.

"నేనిక్కడ నీళ్లు తాగి ఎన్నాళ్లయిందో తెలుసా, తమ్ముడూ?" అంది. "తాగితే అంత దూరం పాకాలి. ఇవాళ ఆగలేక పోయాను. పోతుంటే పెట్టెకి అడ్డం లెమ్మన్నారు."

కుర్రాడు తలొంచుకుని డబ్బా మూత పెట్టేశాడు.

మర్నాడు ఇనుము కోసే మావ గ్యాసు టార్చి వెలిగించాడు. రేపో మాపో రిటైరయ్యే మనిషి, ఎవరి జోలికీ పోడు. మొదటి ఫ్రేము తిరగేశాడు. సుద్దరాత కనిపించింది. కళ్లద్దాలు సర్దుకుని పైకే చదివాడు.

"తుంటి పదకొండు అంగుళాలు. కుడిచేతికి పట్టు లేదు. వయసు తొమ్మిది."

దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తిరగేశాడు.

"మోటార్ల అక్క. తుంటి పదహారు. ఎడమకి ఒరుగుతుంది, మెత్త పెట్టాలి."

టార్చి ఆర్పేశాడు.

"ఏమైంది? గ్యాసు అయిపోయిందా?" మేనేజరు అరిచాడు.

"గ్యాసుంది సార్. ఇది నావల్ల కాదు. కావాలంటే మీరే కొయ్యండి."

మేనేజరు టార్చి వైపు చూశాడు, ముట్టుకోలేదు. షెడ్డులో మిషన్లు ఒక్కోటీ ఆగిపోయాయి. అప్పుడు మా రంగుల కుర్రాడు, నిన్న మాతో వాదించినవాడే, స్పానరు పట్టుకుని దగ్గర్లో ఉన్న పెట్టె తెరిచాడు. మేనేజరు పోలీసులకి ఫోను చేశాడు. మేం చుట్టూ గోడలా నిలబడ్డాం. మోటార్లూ బ్యాటరీ విప్పి అక్క ఫ్రేముకి బిగించాం, మెత్త పెట్టాం. అక్కని ఎత్తి కూర్చోబెట్టేసరికి పోలీసు వ్యాను గేట్లో ఉంది.

"కంపెనీ సామాను విప్పిందెవరు?" ఇన్‌స్పెక్టరు అడిగాడు.

"చుట్టింది నేను," అంది అక్క. "విప్పించుకుంది నేను."

"అయితే నడు."

"రౌండవలేదు సార్. రౌండు కాకుండా ఇక్కడ కుర్చీ గేటు దాటదు."

మీట ముందుకి నొక్కింది. కుర్చీ కదిలింది. వరస వెంట ఒక్కొక్కరం పక్కకి తప్పుకున్నాం. దారి చివర మేనేజరు నిలబడి ఉన్నాడు, వెనకాల అతని పెట్టె.

"కాస్త పెట్టె జరపండి సార్," అంది అక్క. "మనిషి వస్తోంది."

అతను జరిగాడు. పెట్టె కూడా అతని వెంట బుద్ధిగా జరిగింది. షెడ్డంతా గొల్లున నవ్వింది.

రౌండు పూర్తి చేసి అక్క నేరుగా వ్యాను దగ్గరికెళ్లి ఆగింది. కుర్చీ దిగనంది. చివరికి ఆరుగురు పోలీసులు రొప్పుతూ ఆమెని కుర్చీతో సహా పైకెత్తారు. మావనీ, కుర్రాడినీ, నన్నూ పక్కన కూర్చోబెట్టారు. అక్క కుర్రాడి దగ్గర నీళ్ల సీసా అడిగి తీసుకుని, గటగటా సగం తాగేసింది.

వ్యాను తలుపు మూస్తున్నారు. షెడ్డులో ఇంకో ఫ్రేము తిరగేసిన చప్పుడైంది. ఎవరో గట్టిగా చదువుతున్నారు.

"తుంటి పదకొండు అంగుళాలు. కుడిచేతికి పట్టు లేదు. మీట ఎడమ పక్క పెట్టండి."