గద్గదం

గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించి, గాజులు తీసి సంచిలో వేసుకుని, ఏడుపక్క మళ్ళీ మైకు ముందు నిలబడింది. గాజు గలగలమన్నా టేకు పోతుంది. చెప్పులు కూడా తలుపు బయటే. చప్పుడు మింగేసే ఆ గోడల మధ్యే ఆవిడ బతుకులో ముప్పావు వంతు గడిచిపోయింది. తెరమీద ఏ నటి ఏడ్చినా గొంతు ఆవిడదే. అందుకే స్టూడియోలో అందరికీ ఏడుపక్క.

ఇవాళ ఏనుగు. పిల్లల బొమ్మల సినిమాలో తప్పిపోయిన గున్న తిరిగొస్తే తల్లి ఏనుగు అనే ఒక్క మాట: “వచ్చావా నాన్నా.” కాగితంలో పక్కనే ‘గద్గదంగా’ అని ఉంది.

గద్గదమంటే ఏడుపు కాదని పని నేర్పిన పెద్దావిడ చెప్పేది. ఏడుపు బయటపడేది; ఇది బయటపడలేక గొంతుకు అడ్డం పడేది. మాట నలిగి సగం గాలైపోవాలి, అయినా వినబడాలి. ఏడిస్తే జాలిపడతారు. గద్గదమైతే వినేవాడి గొంతు కూడా పట్టేస్తుంది.

పొద్దుటి నుంచీ అదే రావడం లేదు.

“అక్కా, ఏనుక్కి జలుబు చేసినట్టుంది,” అన్నాడు అద్దం అవతలి నుంచి ఇంజనీరు.

“నీ మొహంలా ఉంది. కాస్త ఆగు,” అంటూ బయటికొచ్చేసరికి ఫోను మోగుతోంది. మరిది.

“వదినా, అన్నయ్య ఇవాళ దాటేట్టు లేడు. నీ గొంతు వినాలంటున్నాడు. క్షమించానని ఒక్క మాట అనెయ్. నీకదెంత పని?”

నిజమే, రోజూ చేసే పనే. కానీ కన్నతల్లి శవం మీద పడి ఆవిడ ఏడుస్తుంటే, “కంగారు పడకండి, మా ఆవిడ రిహార్సల్ చేసుకుంటోంది,” అని చుట్టాలతో అన్నవాడు ఈ మొగుడే. చావింట్లో నవ్వులు లేచాయి. ఆ తర్వాత ఆయన ముందు ఆవిడ కన్నీటిచుక్క రాల్చలేదు. కొన్నాళ్ళకు ఆ ఇల్లే వదిలేసింది. పగను మాత్రం ఏళ్ళ తరబడి పసిబిడ్డలా సాకింది.

“చెవి దగ్గర పెట్టు,” అంది.

గురగురమని ఊపిరి. “నువ్వేనా? ఏదైనా అనవే.”

ఆవిడ పెదవి విప్పలేదు.

“తిట్టు... పోనీ తిట్టినా...” అక్కడ ఆయన మాట నలిగింది. సగం గాలైపోయింది. అచ్చమైన గద్గదం. ఆవిడ దాన్ని చివరిదాకా విన్నది. తన గొంతూ పట్టేసింది. ఆ పట్టు ఆయనకు దక్కనివ్వలేదు. ఫోను పెట్టేసి గబగబా మైకు దగ్గరకు నడిచింది.

“రికార్డు చెయ్యి.”

“వచ్చావా నాన్నా.”



“ఏనుక్కి ఇంత అవసరమా అక్కా?” అన్నాడు ఇంజనీరు కళ్ళు తుడుచుకుంటూ.

“అడిగినవాళ్ళకి ఇవ్వనిది దానికిచ్చాను,” అంది గాజులు తొడుక్కుంటూ. కడుపు చల్లబడింది.

సాయంత్రం స్టూడియో గేటు దగ్గర మరిది నిలబడి ఉన్నాడు. మొహం చూస్తేనే తెలిసిపోయింది.

“నీతో మాట్లాడిన కాసేపటికే పోయాడు వదినా. చెవుడొచ్చి చెవికి మిషను పెట్టుకున్నాడు కదా ఈమధ్య. ‘మీ వదిన ఏదో అంటూనే ఉందిరా, పాడు మిషను, నాకే అందలేదు’ అని నవ్వాడు. నవ్వుతూనే కన్ను మూశాడు.” ముక్కు చీదుకున్నాడు. “ఏమన్నావు వదినా? క్షమించాననేగా?”

 

అతను జేబులోంచి చిక్కుడుగింజంత చెవి మిషను తీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. ఆవిడ గుప్పిట మూసింది. అలా మూస్తే కీచుమనేది బాగా పనిచేసే మిషనేనని మైకులతో బతికిన ఆవిడకు తెలుసు. వేళ్ళ సందుల్లోంచి అది సన్నగా, స్పష్టంగా, ఏ లోపమూ లేనట్టు, కూత పెడుతూనే ఉంది.