వెళ్ళేవాళ్ళ సంచీ

మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర అతని పని సంచీలు చూడడం. లోపలికి వచ్చేవాళ్ళను ఎవరూ ఆపరు. బయటికి వెళ్ళేవాళ్ళు మాత్రం బల్ల మీద సంచీ పెట్టి, తెరిచి, పక్కకు నిలబడాలి. అతను చెయ్యి పెట్టి అడుగుదాకా తడిమి, "వెళ్ళండి" అంటాడు. ఫ్యాక్టరీలో అందరికీ అతను గేటాయన. కోపం వచ్చినప్పుడు భార్యకు కూడా.

ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. గడప దాటబోయే సంచీ కనిపిస్తే అతని చెయ్యి ముందుకు పోతుంది. ఒకసారి భార్య చెల్లెలు చుట్టపుచూపుగా వచ్చి వెళ్తుంటే ఆమె సంచీలోనూ చెయ్యి పెట్టాడు. ఆమె మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

"ఆ గేటే మా ఆయన్ని ఇలా చేసింది" అని భార్య అందరితో అంటుంది. అతను ఒప్పుకోడు.

"అదే గేట్లో ఇంకో ఇద్దరున్నారు. ఒకడు సంచీ వంక చూడకుండానే పొమ్మంటాడు. ఇంకొకడు నిలబడే నిద్రపోతాడు. గేటుదే తప్పయితే వాళ్ళూ నాలాగే అవ్వాలిగా?"

"మరి మీకేమొచ్చింది?"

"అందర్నీ చూస్తే ఎవర్నీ అనుమానించినట్టు కాదు. చేరిన రోజే అలా అనుకున్నాను. చూపించినవాళ్ళు తేలిగ్గా ఇంటికెళ్తారు."

"మా చెల్లెలు తేలిగ్గానే వెళ్ళింది. మళ్ళీ రాలేదు."

ఆ ఆదివారం కూతురు ఇష్టపడిన అబ్బాయి తన తల్లిని తీసుకొస్తున్నాడు. ఆ అబ్బాయి లిఫ్టులు బాగుచేస్తాడు. తండ్రి లేడు. అమ్మ సరేనంటేనే పెళ్ళి అని ముందే చెప్పాడు.

"నాన్నా, ఆవిడ వెళ్ళేటప్పుడు నువ్వు లేవకు" అంది కూతురు.

"కాబోయే వియ్యపురాలు లేస్తే నేను కూర్చుంటే ఏం బాగుంటుంది?"

"అయితే చేతులు వెనక్కి పెట్టుకో."

"పెట్టుకుంటాలే. కట్టెయ్యడానికి మీ అమ్మ తాడు కూడా వెతికి పెట్టింది."

వాళ్ళు వచ్చారు. టీ తాగారు. గేటాయన భార్య ఎండల గురించి, నీళ్ళ గురించి మాట్లాడింది. అబ్బాయి తల్లి సంచీ ఒళ్ళో పెట్టుకుని "ఊఁ" కొడుతూ కూర్చుంది. నచ్చిందో లేదో ఎవరికీ అంతుపట్టలేదు. కాసేపటికి లేచి, "వెళ్ళొస్తాం వదినగారూ" అంది.

గేటాయన తలుపు పక్కన నిలబడ్డాడు. చేతులు వెనక్కే ఉన్నాయి. కాళ్ళు ఎడంగా ఉన్నాయి, చూపు సంచీ మీద ఉంది.

ఆమె గడప దగ్గర ఆగింది. సంచీని చెప్పుల స్టాండు మీద పెట్టి, జిప్పు ఈ చివర నుంచి ఆ చివరకు లాగి, రెండు చేతులతో మూతి విప్పి పట్టుకుంది. మొహం గోడవైపు తిప్పుకుంది. ఆమెను ఎవరూ అడగలేదు.

అతను కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత కుడిచెయ్యి ముందుకొచ్చింది. గొడుగు, కళ్ళజోడు పెట్టె, మడతపెట్టిన కవరు, అడుగున మాత్రల అట్ట.

"వెళ్ళండి" అన్నాడు.

అతని భార్య కుర్చీలో కూలబడింది. కూతురు అబ్బాయి వైపు చూసింది.

"అమ్మా, ఎందుకు తెరిచావు?" అన్నాడు అబ్బాయి.

"ఆయన నిలబడ్డ తీరు అలా ఉంది" అంది ఆమె జిప్పు వేస్తూ. "ఏ గేటు, అన్నయ్యగారూ?"

"మందుల ఫ్యాక్టరీ. మీరు?"

"బూట్ల కంపెనీలో ప్యాకింగు. వీడు పాలు మానినప్పటి నుంచీ."

"చూపించేస్తే మనసు తేలిగ్గా ఉంటుంది కదమ్మా."

ఆమె ఆలోచించింది. "మీకుంటుందేమో. వీడి చిన్నప్పుడు, మా కంపెనీ పక్కనే బజారు. మధ్యాహ్నం బొమ్మ కొంటే సాయంత్రం గేట్లో ఎక్కడిదంటారు, ఎందుకంటారు. బిల్లున్నా సరే. అందుకని కొనేదాన్ని కాదు. ఇప్పటికీ ఈ సంచీలో నాకు కావలసింది పెట్టను. చూపించడానికి పనికొచ్చేవే పెడతాను."

తన బల్ల మీదకొచ్చే సంచీలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయని అతనికి గుర్తొచ్చింది. జనానికి అంతకంటే ఏం కావాలిలే అనుకునేవాడు.

"తప్పయిందమ్మా" అన్నాడు.

"తెరిచింది నేనేగా. ఇద్దరికిద్దరం సరిపోయాం." ఆమె కూతురి వైపు తిరిగింది. "చూడమ్మా, మా ఇంటికొచ్చాక నీ సంచీ నేను ముట్టుకోను. నేను మాత్రం బయల్దేరేటప్పుడు ఇలా తెరిచి నిలబడతాను. నవ్వకుండా జిప్పు వేసెయ్."

"వేస్తానండీ" అంది కూతురు.

వాళ్ళు మెట్లు దిగి వెళ్ళిపోయారు. భార్య లేచి వచ్చి గేటాయన చేతిలో ఫోను పెట్టింది.

"మా చెల్లెలికి చెయ్యండి."

"ఏమని?"

"పెళ్ళికి రమ్మని. సంచీ తెచ్చుకోమనండి, పెద్దదే."

అతను నంబరు వెతకడం మొదలుపెట్టాడు.